సెకనుకొక టిక్కు

మిల్డూరా నుంచి ఊయెన్‌కి నూరు కిలోమీటర్ల పైమాట.
అక్కడి మందుల షాపులో ఎవరు సెలవు పెట్టినా
కౌంటరు వెనక ఆ వారం నేనుంటాను.
దారిలో చాలాచోట్ల ఫోను చచ్చిపోతుంది,
కారు రేడియో ఒక్కటే దిక్కు.
జనవరిలో అది పాటల కోసం కాదు.
ఎక్కడ మంట లేచింది, గాలి ఎటు తిరిగింది,
ఏ రోడ్డు మూశారు,
ఆ అమ్మాయి చెప్పాలి, నేను వినాలి.

నాకు వినపడేది ఒక కూత.
యాక్సిలరేటర్ తొక్కితే పైకి లేస్తుంది,
కాలు తీస్తే జారుతుంది,
నా పాదమే రాగం తీస్తున్నట్టు.
"ఉత్తరపు గాలి గంటకి..." అంటుందామె,
ఎంతో చెప్పేలోగా జోరీగ దూరుతుంది.

స్టెలియోస్‌కి డెబ్బయ్యారు. కార్ల కరెంటు పని మానేసి పదేళ్ళు.
షెడ్డులో టమాటా నారు, పక్కనే డబ్బానిండా పాత రిలేలు.
ముందు బానెట్ ఎత్తనే లేదు.
నా సీట్లో కూచుని, ఇంజను మోగనిచ్చి, కళ్ళు మూసుకున్నాడు
నాడి చూసే వాళ్ళలా.
"ఏరియల్ పీకు."
పీకాను. ఆమె గొంతు పోయింది. కూత పోలేదు.
"అయితే గాల్లోంచి కాదు, తీగలోంచే.
దొంగ ఇంట్లోనే ఉన్నాడు."

ఫ్యూజులు ఒక్కొక్కటే తీశాం,
బియ్యంలో రాళ్ళేరే ఓపికతో.
వైపర్లు కాదు. ఫ్యాను కాదు.
పెట్రోలు పంపుది తీస్తే కూత ఆగింది,
ఇంజనూ ఆగింది;
ఆ సాక్ష్యం చెల్లదన్నాడు.
నా అనుమానమంతా డాష్‌కామ్ చార్జరు మీద,
చవగ్గా కొన్నది నేనే కనక.
పాపం, అదీ కాదు.

సాయంత్రం నాలుగయ్యాక, మోకాళ్ళ మీద,
టార్చి పళ్ళతో పట్టుకుని, ఏదో గ్రీకులో తిట్టాడు.
ఇంజనుకీ బాడీకీ మధ్య ఎర్తు పట్టీ,
అల్లిన రాగి,
పచ్చగా చిలుమెక్కి
మూడే మూడు పోగుల మీద వేలాడుతోంది.
కొత్తది బిగించే ముందు బోల్టు కింది రేకుని
గరుకు కాగితంతో రుద్దాడు, ఊదాడు, మళ్ళీ రుద్దాడు.
ఎర్తు దొరకని కరెంటు ఎక్కడికని పోతుంది,
రేడియోలో దూరి అరుస్తుంది, అన్నాడు.
నేనేదో ఆలోచనలో పడ్డట్టు కనిపించానేమో,
"నీతులు వెతక్కు. పద్దెనిమిది డాలర్ల పట్టీ అది."

మర్నాడు తిరుగు దారి, పొద్దు వాలే వేళ.
ఆమె గొంతు కడిగిన గాజులా ఉంది.
గాలి ముప్ఫై అయిదు. మంటలేమీ లేవు.
హట్టా ఇంకా రాకముందు
టిక్.
సెకను ఆగి, టిక్.
కాలు తీశాను, తొక్కాను. మారలేదు.
పక్కకి ఆపి ఇంజను కట్టేశాను.
టిక్. టిక్.
ఈసారి దొంగ ఇంట్లో లేడు.

దిగి కంచె వెంట నడిచాను.
రేడియో గొంతు పెంచి, తలుపు తెరిచే ఉంచి.
కరెంటు తీగ. గొర్రెలు అటు తిరిగి నిలబడ్డాయి.
ఏడో గుంజ దగ్గర పింగాణీ పగిలి
ఎండిన మాలీ కొమ్మొకటి తీగకి ఆనింది.
అక్కడ, చీకటి పడుతుంటే కనిపించేంత
గోరంత నీలం మెరుపు,
కారులో టిక్కుమన్నప్పుడల్లా.
కింద మోకాలెత్తు గడ్డి,
తాకితే గలగలమనే గడ్డి.

గేటు మీద ట్రెలోర్ అని ఉంది.
మట్టి దారిలో నేను హారన్ కొడుతూ వెళ్తే
మార్జరీ ట్రెలోర్ చేతి పిండి దులుపుకుంటూ వచ్చింది,
మాట పూర్తిగా వినకుండానే షెడ్డుకి పరిగెత్తి
స్విచ్చి లాగేసింది.

తర్వాత ఇద్దరం గుంజ దగ్గర నిలబడ్డాం.
కొమ్మ విరిచి అవతల పారేసింది. గడ్డిని కాలితో తొక్కి చూసింది.
రోడ్డు మీద వంద స్పీడులో పోతూ
ఇంత మెరుపు నీకెలా కనపడిందమ్మా, అంది.
కనపడలేదు, రేడియోలో విన్నానన్నాను.

"ఏ స్టేషన్లో?" అంది.