గాజులకు తగ్గ గుడ్డ

రేషమ్ గలీలో మధ్యాహ్నం మూడు.
కరెంటు పోయింది. కొట్టు కొట్టుకీ ఒక జనరేటర్ రొద.
మెహందీ రాత్రి పెళ్లికూతురు పసుపే వేసుకోవాలి.
"ఏ పసుపమ్మా?" అన్నాడు దిల్దార్ సేఠ్
పదిహేను తానులు మా ముందు దొర్లించి.
చామంతి, ఆవపువ్వు, పండీపండని మామిడి,
కామెర్ల కన్నులాంటిది ఇంకొకటి.
అది ఫర్వాకి నచ్చింది. దానికన్నీ నచ్చుతాయి.

జులేఖా ఖాలా దగ్గర చీటీ ఉంది:
మనవైపు పసుపు, మగపెళ్లివారు ఆకుపచ్చ,
ఆడే ఆరుగురికీ ఒకే రకం ఘరారాలు,
గులాబీ దుపట్టా, గోటా అంచు,
తలకి రెండువేల ఎనిమిది వందలు. పైసా దాటకూడదు.
నాకు ఘరారా వద్దు మొర్రో అన్నాను,
నిఖత్ పెళ్లిలో రెండో పాటకే తొక్కుకుని
డోలక్ మీద పడ్డాను కదా.
ఎవరూ వినలేదు.

అమ్మీ ఒక్కతే ఏమీ అనలేదు.
చాదర్ మడతలోంచి పాత పేపరు పొట్లం తీసి
గల్లా పక్కన విప్పింది.
రెండు డజన్ల గాజులు.
"వీటికి తగ్గ గుడ్డ ఇవ్వండి."

సేఠ్ నవ్వాడు.
"హైదరాబాదంతా గుడ్డకి గాజులు వెతుక్కుంటుంది.
మీదేంటమ్మా, తిరగేసి?"

ఇరవై రెండేళ్లు
గాలికి మంట వంగుతుందని ఫ్యాను వేయకుండా,
జూన్‌లో కూడా తలుపు మూసుకుని,
విడిపోయిన గాజు కొనలు నిప్పు మీద అతికింది అమ్మీ.
గుత్తికి ఇంత అని.
ఎవరి చేతులకో, ఏ ఊరి పెళ్లిళ్లకో.
ఈ రెండు డజన్లు మాత్రం ఏ గుత్తిలోనూ లెక్కకు రాలేదు.
వాటి రంగు పసుపూ కాదు, నారింజా కాదు.
మంటలో నీలం అయిపోయిన చోట
మొదలయ్యేది.

సేఠ్ నవ్వు ఆపి
నిచ్చెనెక్కి, పై అరలోంచి ఒక తాను దించాడు.
ఫోను లైటు వేసి చూపించాడు.
అమ్మీ ఆ వెలుగుని నమ్మలేదు.
గుడ్డ చివర పట్టుకుని నేరుగా గలీలోకి నడిచింది,
వెనకే తాను విప్పుకుంటూ కొట్టు కుర్రాడు,
"ఖాలా, ఖాలా, మట్టి!"

ఎండలో గాజు పెట్టి చూసింది.
వేళ్లతో తడమలేదు.
ఆ వేళ్ల కొనలకు పట్టూ గోనెసంచీ ఒకటే.
గుర్తింపు కార్డు ఆఫీసులో యంత్రం మూడుసార్లు అడిగి
మూడుసార్లూ కాదు పొమ్మంది,
చదవడానికి గీతలుంటేగా.
గుడ్డని బుగ్గకి ఆనించుకుంది.
మోటారు సైకిళ్లు హారన్లు కొడుతూ తప్పుకుపోతుంటే
గలీ మధ్యలో కళ్లు మూసుకుని
అలాగే నిలబడింది మా అమ్మ.
సనోబర్ ఆపా నా చెయ్యి నొక్కింది.
ఎందుకో ఇద్దరం ఒకరినొకరం చూసుకోలేదు.

"ఇదే," అంది.

ఖాలా చీటీ చిందరవందరైంది.
ఆ ఖరీదులో నా ఘరారా కొట్టుకుపోయింది.
ఈద్‌ నాటి పాత జోడుతోనే ఆడాను,
ఒక్కసారి కూడా పడలేదు.

ఆ రాత్రి, అందరి చేతులూ అయ్యాక
గిన్నె అడుగున మిగిలిన గోరింట ముద్ద
ఆపా తీసుకెళ్లి అమ్మీ వేళ్లకు పెట్టింది.
"నాకెందుకే ఈ వయసులో" అంటూనే
వేళ్లు ఎడంగా చాచి పట్టుకుంది.

తెల్లారి చూస్తే
పెళ్లికూతురి అరచెయ్యి ఎర్రన.
అమ్మీ వేలికొనలు
నేరేడుపండు నలుపుకి పండాయి.
ఫర్వా కుళ్లుకుంది. ఏం కలిపావు, ఏం కలిపావు అని
వెంటపడి అడిగింది.
అమ్మీ జవాబు చెప్పలేదు.
చేతులు తిప్పి చూసుకుని, మళ్లీ తిప్పి చూసుకుని,
"ఇవాళ దేగిచీలు నేను తోమను," అంది.