ఖల్లివల్లి

సోహార్‌లో ఉపవాసాల నెల. నాలుగు దాటినా దిగని ఎండ.
భూమన్నని స్ట్రెచర్ మీద తోసుకొచ్చారు,
చల్లటి చెమట, నీలం తిరిగిన గోళ్ళు.
మానిటర్ మీద ముప్పై నాలుగు.
ముప్పై నాలుగంటే,
ఒక అడుగు వేసి
రెండో అడుగు వేయాలా వద్దా అని
గుండె నిలబడి ఆలోచించుకోవడం.

జేబులో మాత్రల రేకు. పదకొండు ఖాళీ గుంటలు.
"సావనీకి కాదు సిస్టర్," అన్నాడు వెంట వచ్చిన కుర్రాడు,
"రేపు మెడికల్. క్రేన్ ఎక్కెటోళ్ళకు నాడి సూస్తరు.
మొన్న డాక్టర్ చెయ్యి పట్టంగనే నూటిరవై కొట్టింది,
భయానికే. మళ్ళ కొడితే అన్‌ఫిట్ అని పంపిస్తరని
రూమోని బీపీ గోలీలు మింగిండు.
ఒకటేస్తే తగ్గలే. ఇంకోటి. ఇంకోటి."

అట్రోపిన్ ఇచ్చాం. ముప్పై ఆరు.
అడ్రినలిన్ వెళ్ళి తలుపు కొట్టింది, కొట్టింది.
కణం గుమ్మంలో ఆ మాత్ర అడ్డంగా కూర్చుని ఉంది,
పాస్‌పోర్టు బీరువాలో పెట్టి
తాళంచెవి మీద కూర్చున్న అర్బాబ్‌లా.

"గ్లూకగాన్," అన్నాడు ఇద్రీస్ డాక్టర్.

నాకు తెలిసిన గ్లూకగాన్‌ది చిన్న ఉద్యోగం.
ఆకలివేళ క్లోమంలోంచి బయల్దేరి
కాలేయం ఇంటికెళ్ళి
దాచిన డబ్బా మూత తియ్యమ్మా అని అడగడం.
తెల్లవారుజాము నుంచి మంచినీళ్ళు ముట్టని ఇద్రీస్ ఒంట్లో
అది అప్పటికే డ్యూటీలో ఉంది.
దానికి గుండెతోనూ చుట్టరికముందని
చదివాను, చూడలేదు.

సీసాకి ఒక్క మిల్లీగ్రాము, తెల్లటి పొడి.
నీళ్ళు పోసి మెల్లగా తిప్పాలి, కుదపకూడదు.
పది సీసాలు. బొటనవేళ్ళు నొప్పెట్టాయి.
ఫార్మసీ కిటికీలోంచి మారిసెల్ అరిచింది,
ఇక ఆరే ఉన్నాయని.

కాగితాలు లేనివాణ్ణి ఇక్కడ మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు.
ఇదీ ఖల్లివల్లి మందే.
అర్బాబ్‌ని అడగదు. ముందు గుమ్మం వైపే చూడదు.
పక్కసందులో దానికో చిన్న తలుపుంది,
అందులోంచి దూరి
లోపలున్న అదే పొయ్యి రాజేస్తుంది.
కాల్షియం కదులుతుంది. కండ పిడికిలి బిగిస్తుంది.

నలభై ఒకటి.
నలభై తొమ్మిది.
ఇద్రీస్ ఛాతీమీద ప్రోబ్ ఆనించి చూపించాడు:
తడిగుడ్డలా వేలాడుతున్న గోడ
ఎవరో పిండినట్టు ముడుచుకుంది.
యాభై ఎనిమిది.
అప్పుడే కక్కాడు భూమన్న, నా చెప్పుల మీద.
కక్కుతాడని తెలుసు, ఈ మందు గుణమే అంత,
పక్కకి తిప్పే పడుకోబెట్టాం.
ఆ పక్కనే నా చెప్పులున్నాయి.

దాని మాట పావుగంటే చెల్లుతుంది.
తర్వాత బొట్టుబొట్టుగా ఎక్కిస్తూనే ఉండాలి, గంటకి అయిదు.
చేతిలో ఆరు.
సహం ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఉన్నాయన్నారు.
ఇఫ్తార్‌కి ఇళ్ళకి ఉరుకుతున్న కార్లన్నిటికీ ఎదురు
దాద్ కరీం అంబులెన్స్ తీశాడు.
తెచ్చిన డబ్బాలో పద్దెనిమిది సీసాలు,
పైన ఎవరో పెట్టిన సమోసాల పొట్లం, ఇంకా వేడిగా.

బాంగు వినబడింది.
ఇద్రీస్ గోడకానుకుని ఒక ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు.
ఆయన ఒంట్లో గ్లూకగాన్ ఇక ఇంటికెళ్తుంది.
భూమన్న ఒంట్లో ఓవర్‌టైమ్.

అరవై రెండు దగ్గర కళ్ళు తెరిచాడు.
తెలుగు వినగానే నా మణికట్టు పట్టుకున్నాడు.
"ఎంతుంది సిస్టర్?"
"అరవై రెండు."
"మస్తుంది. గిట్లనే రాసియ్యి. రేపటికి."

అతనడిగిన కాగితం నా చేతిలో లేదు.
వాడిన సీసాల రిజిస్టరుంది.
రెండో చేత్తో ఇరవై రెండు అని వంకరగా రాశాను.
అతని వేళ్ళ కింద నా నాడి ఎంత కొడుతోందో
లెక్కపెట్టలేదు.
చెప్పులు కడుక్కోవాలి.