జానెడు పైన

దేవరకొండ డిపోల నాది రాత్రి డ్యూటీ.
బస్సు కింద పండుకొని స్పానర్ తిప్పుతుంటే
కండక్టర్ల ముచ్చట్లు పైనుంచి ఆయిల్ లెక్క కారుతుంటయి.
మూడు దినాలసంది ఒక్కటే ముచ్చట:
లచ్చిరాం అయిపోయిండా, ఇంకా ఉన్నడా.

టీవీల సూసిండ్రట అందరు.
లీగుల ఆఖరి మ్యాచ్, ఆఖరి సెట్టు,
వాడు లేపిన బాలు నెట్టుకు తగిలి ఇవుతలికే పడ్డదట.
కోచ్ పలక లేపిండు, నంబర్ మారింది,
లచ్చిరాం బెంచి మీద తువ్వాల కప్పుకున్నడు.
పోయినేడు కప్పు ఎత్తిన చేతులకు
ఈ ఏడు కాంట్రాక్టు లేదు.
మెసేజ్ వచ్చిందట. ఫోన్ గూడ కాదు.

"ముప్పై ఒకటి నిండినయి, ఇంకేం లేస్తడు" అంటడు బుకింగ్ క్లర్కు.
"కొట్టేటోళ్ళు సక్కగ కొట్టకుంటే లేపేటోన్ని అంటరేంది"
క్యాంటీన్ల చాయ పోసే మల్లేశ్వరి అన్నది.
ఆమె ఒక్కతే అన్నది గా మాట.

బూస్టర్ అంటే ఏందో ఎవరికని జెప్పాలె?
పాయింటు వాని పేరు మీద రాయరు.
ఈల ఊదినంక జనం వాని దిక్కు సూడరు.
వేళ్ళ నడుమ బాలు అర సెకండు గూడ నిలువది.
గా అర సెకండుల అవుతలి ఆరుగురి కండ్లు సదవాలె,
ఇవుతల ఎవడు అలిగిండో, ఎవని భుజం గుంజుతుందో యాదికుండాలె.
తప్పితే మాత్రం వాని పేరే.

నాకు ఎరుకే.
పదేండ్ల కింద కల్వకుర్తి నైట్ టోర్నమెంటుల
వాడు లేపితే కొట్టినోన్ని నేనే.
ఫైనల్ గెలిస్తే నాకు మేకపోతు ఇచ్చిండ్రు, వానికి స్టీలు జగ్గు.
మేకపోతు గా రాత్రే అయిపోయింది.
జగ్గుల వాళ్ళమ్మ ఇప్పటికీ మజ్జిగ పోస్తది.

ఇప్పుడు పొద్దు పొడవకముందే
బత్తాయి షెడ్డు గోడకు బొగ్గుతోని గుండ్రం గీసి
దబ్ దబ్, దబ్ దబ్.
హమాలీలు తిట్టుకుంట లేస్తుండ్రు.
కుడిచెయ్యి నడిమేలు వంకర. లీగులనే బొక్క జరిగింది.
"మా తాత వేళ్ళను బోరునీళ్ళు కట్టేసినయి,
నా వేలును నేనే కట్టేసుకున్న, దాన్నే సూసుకుంట సూసుకుంట" అన్నడు.
దవాఖానల ఫోటో తీసి బాగైందన్నరట.
వేలుకే ఎరుక లేదు బాగైనట్టు.

సోమారం హైదరాబాదుల ట్రయల్స్.
"నువ్వొచ్చి నాలుగు కొట్టు సైదులూ" అన్నడు.
నా కడుపు సూడరా, మోకాళ్ళు సూడరా అన్న.
"నేను సూడ. నువ్వు ఎగురు."

ఎగిరిన.
పదేండ్లకు నా కాళ్ళు భూమిని ఇడిసినయి.
భూమికి పెద్దగ ఫరక్ పడలే.
బాలు నా చెయ్యికి జానెడు పైనుంచి పోయింది.

హమాలీలు నవ్విండ్రు.
వాడు నవ్వలే. "ఎక్కువైందా?" అని అడిగిండు.
ఏం జెప్పాలె?
గా జానెడు వాని వేలు తప్పా, నా వయసు తప్పా?
ఇరవై రెండేండ్ల సైదులైతే
గా ఎత్తులనే ఉండు, గా ఘడియకే ఉండు.
వాని మణికట్టు ఇంకా వాని కోసమే చూస్తుందేమో.
తక్కెడ తుప్పు పట్టినంక
తూకం అడిగితే ఎట్ల?

రెండో బాలు జర కిందికి లేపిండు.
నిలిపినట్టు నిలిచింది నా అరచేయి ముందల.
కొట్టిన.
గోడ సున్నం రాలి బత్తాయి గంపల మీద పడ్డది.
నన్ను సదివి దించిండా, జాలిపడి దించిండా,
వాడు జెప్పలే, నేను అడుగలే.
బాలు ఏరుకొచ్చి మల్ల నిలబడ్డడు.

సోమారం మొదటి బస్సు నాలుగూ యాభైకి.
బ్రేక్ లైనర్లు నేనే మార్చిన, రెండుసార్లు తొక్కి సూసిన.
అక్కడ నెట్టు కాడ ఎవడు ఎగురుతడో,
ఎంత ఎగురుతడో నాకేం ఎరుక.
బస్సైతే జేరుతది.
గంతదాంకనే నా పూచీ.