సోలలు ఎనిమిదైతే అడ్డ

పల్లికాయ సీజన్. బాదేపల్లి యార్డుల అర్ధరాత్రి.
పాత డిస్కు పన్నెండేండ్లు తిరిగి తిరిగి
మొన్నటి ఉరుముల వానకు గరగరమన్నది.
దాని ప్రాణం పోకముందే
కొత్తదాంట్లకు గుమ్మరించిన, సున్నా కూడ పోకుండ.

మా లెక్కల యంత్రం ఉత్త యంత్రం కాదు,
యంత్రం కడుపుల యంత్రం.
దానికి ఇనుము లేదు, తీగ లేదు.
చూపెట్టిందే డిస్కని నమ్ముతది.
తక్‌పట్టీలన్నీ దాని దగ్గర్నే:
ఎవరి రాశి, ఎన్ని బస్తాలు, తరుగెంత,
తాయప్ప మేస్త్రీకి రావాల్సిన హమాలీ ఎంత.

లేపిన.
లేచి, నాలుగు మాటలు పలికి, కండ్లు తేలేసింది.

చాయ్ చల్లారినంక తెలిసింది.
పట్టికల రాసి ఉన్నది, నీ ఇల్లు అరవై మూడో గడి అని.
పాతదానికి గడి అంటే ఐదువందల పన్నెండు బైట్లు.
కొత్తదానికి నాలుగువేల తొంభై ఆరు.
అరవై మూడో తలుపు కొట్టమంటే
పోయి పోయి ఐదువందల నాలుగో ఇంటి ముందల
నిలబడ్డది పిచ్చిది.
ఆడ ఇల్లున్నది గని, దాని ఇల్లు కాదు.

ఉశేనమ్మ యాదికొచ్చింది.
పాత బజారుల జొన్నలమ్మేది. రెండే కొలపాత్రలు,
మూతి సొట్టబోయిన సోల, ఇత్తడి పట్టీ కొట్టిన అడ్డ.
సోలలు ఎనిమిదైతే అడ్డ.
కాటాలొచ్చినా ఆమె చెయ్యి మారలే.
అమ్ముడు సోలతోని, దాచుడు అడ్డతోని.
ఎవరన్న సోలెడు పుచ్చినయని తిరిగి తెస్తే
అడ్డంతా చాటల గుమ్మరించేది,
ఆ సోలెడు ఏరేసి మంచియి కలిపేది,
మళ్ల అడ్డల పోసి అరచేత్తో తల సదిరేది.
ఒకనాడు పోసేటప్పుడే కోడెదూడ కుమ్మింది.
చెడ్డది సోలెడే.
మట్టిలపడ్డది అడ్డెడు.

మాయ డిస్కుకు రెండు మాటలు నేర్పిన.
అడిగేటోడు సోలెడు అడిగితే సోలెడే ఇయ్యి.
మా ఇంట్ల దాచుడు మాత్రం అడ్డతోని అని
ముందుగాల్నే చెవిల వెయ్యి.
మొదటి మాట ఒక్కటే చెప్పినా పని నడుస్తది, నడుస్తనే ఉంటది.
రెండోది దాస్తే మాత్రం
సోలసోలకూ అడ్డ దించుడే, ఎత్తుడే,
చాట అరిగిపోతది.

లేచింది యంత్రం.
లేచింది గని, నత్త తీరు.
అరవై మూడును ఎనిమిదితో కోస్తే ఏడు మిగులుతది.
పన్నెండేండ్ల కింద ఎవరు గీసిండ్రో ఆ గీత,
అడ్డెడు గింజలు పోస్తే
ఒక కాలు ఈ అడ్డల, ఒక కాలు పక్క అడ్డల.
దింపేది ఒకటి, తడిసేది రెండు.

ఎత్తి జరపాలె. మొత్తం.
కరెంటుకు కూడ కొమ్ములుంటయి. అందుకే
మోయిన్‌ను జనరేటర్ కాడ కూసోబెట్టిన.
డీజిల్ యార్డుది, మిర్చీబజ్జీలు నావి.
రెండున్నరకు పోనే పోయింది కరెంటు.
చీకట్ల ఒక గుక్క, ఇంజను దగ్గు,
చిన్న పచ్చ దీపం
ఆరలే.

ఒక్క గడి.
అరవై నాలుగుకు.

తెల్లారి తాయప్ప కిటికీల తలపెట్టిండు.
పోయినేడు పుష్యమాసం హమాలీ లెక్క కావాలన్నడు.
అడుగుడు ముగియకముందే కాయిదం బయటికొచ్చింది.
"రాత్రంత ఏం జేసినవ్ మేడం, కండ్లు గిట్ల ఎర్రగైనయి?"
"ఒక గడి జరిపిన, అన్నా."
నవ్విండు.
"నేను ఆరువందల బస్తాలు జరిపిన.
గడి బరువెక్కువనుకుంట, నీకే జీతమెక్కువ."

కాయిదం మడిచి తువాల కొసకు ముడేసుకున్నడు.
ఇంజను బందయినా తెలవక
మోయిన్ ఇంకా నిద్రల్నే ఉన్నడు,
చేతుల సగం బజ్జీ.