ఎనిమిది చుక్క ఎనిమిది

రాణీగంజ్ సందులో తాహెర్ భాయ్ కొట్టు.
గోనెసంచుల నిండా బోల్టులు, నూనె వాసన.
ఎంత సైజని అడగడు ముందు,
"దేనికి?" అంటాడు.
కంప్రెసర్ కాళ్లకు.
"వణుకుతదా?"
వణుకుతది.

అరచేతిలో ఒకటి పెట్టాడు.
ఆరు పలకల నెత్తి మీద
ఎనిమిది, చుక్క, ఎనిమిది.
పక్క సంచిలోది సగం ధర.
అదే లావు, అదే పొడుగు,
మెరుపు ఇంకాస్త ఎక్కువే.
నెత్తి మాత్రం బోడి.

పోయిన ఆషాఢంలో ఆ బోడిదే కొన్నాను.
జీడిమెట్ల షెడ్డులో మూడోవారానికి
మెడ దగ్గర పుటుక్కుమంది.
కంప్రెసర్ ఒరిగిన చోట
సైదులు చెయ్యి లేదు.
అప్పుడే టీకని లేచాడు.
ఆ టీ పది రూపాయలు.

ఈ రాత్రి షిఫ్టు నాది.
ముందు వేళ్లతోనే తిప్పుతున్నాను,
మొరాయించినదాన్ని తీసి, తుడిచి, మళ్లీ.
ఒక మూల, దాని ఎదురు మూల,
కొంచెం కొంచెం.
టార్క్ పానా టిక్కుమంటుంది.
అక్కడ ఆగడమే కష్టం.
చెయ్యి ఇంకో పావుచుట్టు అడుగుతుంది,
భయంతో.

నట్టు దాటి రెండు మరచుట్లు బయటికి.
నట్టు మీంచి ప్లేటు దాకా
తెల్ల పెయింటుతో ఒక్క గీత.
అది తెగి పక్కకు జరిగిందంటే
వదులైనట్టు.

తెల్లారి ఏడింటికి సైదులు వచ్చాడు.
టార్చి వేసి నాలుగు గీతలూ చూశాడు.
ఏమీ అనలేదు.
గేటు బయట టీకి
డబ్బులు నన్నే ఇమ్మన్నాడు.