పదిహేడు ఇరవైమూళ్ళు

మూడేళ్ళప్పుడు చారుమతి
పెరంబూరు స్టాండులో బస్సు నంబర్లు కూడేది.
ఇరవైతొమ్మిది సి వస్తే
ఆ 'సి'ని ఏం చెయ్యాలని అడిగేది.

నాన్న దాన్ని ఎత్తి
నాయర్ టీ బల్ల మీద నిలబెట్టేవాడు.
షిఫ్టు దిగిన కోచ్ ఫ్యాక్టరీ వాళ్ళు
చేతుల గ్రీజు తుడుచుకుంటూ మూగేవాళ్ళు.
"పదిహేడు ఇరవైమూళ్ళు?"
"మూడొందల తొంభై ఒకటి."
చప్పట్లు. ఒక బటర్ బిస్కెట్.
అప్పుడు నాకు తొమ్మిది.
పన్నెండో ఎక్కం దగ్గర ఆగిపోయినవాణ్ణి,
రాలిన బిస్కెట్ పొడి వేలికి అద్దుకుని తిన్నవాణ్ణి.

ఇప్పుడు దానికి పదహారు.
పుస్తకం ముందు ముప్ఫై ఏళ్ళ మనిషి.
ఏడుపుకి మాత్రం ఏడేళ్ళే.
సాక్సు తడిసిందని ఏడుస్తుంది.
సాంబారులో మునక్కాడ లేదని ఏడ్చి,
అందుకు ఏడ్చినందుకు సిగ్గుపడి
తలుపేసుకుని మళ్ళీ ఏడుస్తుంది.
పొయ్యి మీద పాలగిన్నె పక్కన నిలబడ్డట్టు
ఇంట్లో అందరం దాని పక్కన నిలబడతాం.

ఆదివారం అడయార్లో పరీక్ష.
ఆరు లెక్కలు, నాలుగున్నర గంటలు.
వెనక కూర్చుని ఇంటిదాకా ఒక్క మాట లేదు.
మర్నాడు వాన.
సీటు కింద రెయిన్ కోటు తీస్తుంటే
మడతల కాగితాలు దొరికాయి.
ఒకటిన్నర లెక్క.
తక్కిన పేజీల నిండా ఒకే త్రిభుజం,
గీసిందే గీసి, గీసిందే గీసి,
పెన్సిల్ మొన అవతలికి దిగేదాకా.
అంచున చీమ తలకాయంత అక్షరాల్లో
"ఇది నేను కాదు."

ఏం చెప్పాలి?
బీకాంలో మూడు పేపర్లు
ఇంకా బాకీ ఉన్నవాణ్ణి.
"నీకేంటన్నా, నువ్వు తప్పితే
ఎవరూ ఆశ్చర్యపోరు" అంది ఒకసారి.
అని నాలిక్కరుచుకుంది.
నిజమే కదా. అదొక సుఖం.
దానికి ఎవరూ ఎప్పుడూ ఇవ్వని సుఖం.

కాగితాలు చేతిలో పెట్టాను.
"కొంచెం తడిసినయ్" అన్నాను, అంతే.
చాలాసేపు చూసింది.
"మూడో లెక్క అందంగా ఉంది కదూ?"
నాకేం తెలుసు.
ఉందన్నాను.

సాయంత్రం టీకి తీసుకెళ్ళాను.
బల్ల మారింది, ఇప్పుడు స్టీలుది.
నాయర్ మీసం తెల్లబడింది, జ్ఞాపకం తెల్లబడలేదు.
"ఏయ్ పాపా! పదినేళు ఇరువత్తిమూణు?"

దాని పెదవి కదిలింది.
జవాబు పళ్ళదాకా వచ్చి
అక్కడే ఆగడం నేను చూశాను.
"తెరియలణ్ణా."

నాయర్ గ్లాసు కింద పెట్టేశాడు.
నమ్మలేనట్టు మా ఇద్దర్నీ చూసి
వేళ్ళు ముడుస్తూ తనే మొదలెట్టాడు.
వెనక పాలు పొంగి స్టవ్ మీద చుయ్యిమంటున్నాయి.
చారు సీసా మూత తిప్పి
బిస్కెట్ ఒకటి తనే తీసుకుంది.

"నాలుగొందలు ఉంటుందా?" అన్నాడు చివరికి.
"ఉండొచ్చు" అంది,
సగం విరిచి
నా గ్లాసులో ముంచుతూ.