తిరగేసిన సముద్రం

మా కొట్లో టీవీ వెనక గోడకి ఉంటుంది.
కుర్చీలో కూర్చున్నవాడికి అద్దంలోనే దక్కుతుంది,
వాడి తల వెనక నిలబడ్డ నాకూ అంతే.
హొక్కైడో పడమటి ఒడ్డున,
హెర్రింగ్ చేపలు రావడం మానేసిన ఊళ్ళో
ముప్పై ఒక్క ఏళ్ళుగా
లోకాన్ని తిరగేసే చూస్తున్నాను.

ప్రకటనలు రాని చానెల్ ఒక్కటే పెడతాను.
సబ్బులమ్మే పిల్ల మధ్యలో వచ్చి కిలకిలమంటే
కత్తి పట్టిన చెయ్యి ఉలిక్కిపడుతుంది.
దీనికైతే ఇంటింటికీ చందా.
వసూలుకొచ్చే ఓనుకి గారు
రసీదు చింపి ఇచ్చి, టోపీ తీసి,
"ఎలాగూ వచ్చాను కదా" అంటూ కుర్చీ ఎక్కుతాడు.
కట్టిన దాంట్లో సగం అలా వెనక్కొస్తుంది.

పన్నెండుంబావుకి వంట.
ఒకామె ముల్లంగిని బొటనవేలి మందాన తరుగుతుంది,
అద్దంలో ఆమెది ఎడమచేతి వాటం.
పులుసు కుతకుతలాడే చప్పుడు కాస్త పెంచుతాను.
వేడి తువ్వాలు కిందనుంచి కువబారా గారి గొంతు:
"మిసో ఎప్పుడు కలిపింది? పొయ్యి ఆపాకేనా?"
ఆపాకే, అంటాను.
"అదీ!" అంటాడు, గరిటె తన చేతిలోనే ఉన్నట్టు.
భార్య పోయాక ఆయన వంట నేర్చుకున్నది
ఈ కుర్చీలోనే, కళ్ళు మూసుకుని.

రెండింటికి రైలు.
ఎవరో కుర్రాడు కెమెరా భుజానేసుకుని
ఒంటిపెట్టె బండిలో దక్షిణాన తిరుగుతుంటాడు.
ఏమీ జరగదు.
ఒక ముసలమ్మ బత్తాయి ఇస్తుంది.
సొరంగం వస్తుంది.
సముద్రం వస్తుంది.
నా కత్తెర దానంతటదే ఆగిపోతుంది.
మా ఊరి పట్టాలు పీకేసి ఏడేళ్ళు.

పార్లమెంటులో బడ్జెట్ నడిచే రోజులు వేరు.
అప్పుడు గడ్డాలు తొందరగా పెరుగుతాయి ఊళ్ళో.
అద్దంలో ఎడమపక్కవాళ్ళు కుడికీ, కుడివాళ్ళు ఎడమకీ.
పార్టీ మార్చడం ఇంత సులువా అని ఒకడు,
వాళ్ళకి అద్దం కూడా అక్కర్లేదురా అని ఇంకొకడు.
మంత్రి ఏడోసారి "పరిశీలిస్తున్నాం" అన్నప్పుడు
నూడుల్స్ కొట్టు ఇషిమోరి లేచి అరవబోయాడు.
గొంతు మీద నా కత్తి ఉంది.
"కదలకు" అన్నాను.
ప్రతిపక్షాన్ని ఇంత తేలిగ్గా ఊరుకోబెట్టిన మొనగాడు లేడని
వారం రోజులు చెప్పుకుని నవ్వారు.

పోయిన మే నెలలో, సోమవారం సెలవుకి ఇంకో రెండ్రోజులు అతికించి
ఫుసాయే నన్ను ఆ స్టేషన్‌కి లాక్కెళ్ళింది,
ఆ బత్తాయిల స్టేషన్‌కే.
ఒక విమానం, మూడు రైళ్ళు, ఆవిడ మోకాలినొప్పి.
ప్లాట్‌ఫారం మీద దిగి
పుట్టి పెరిగినవాడిలా కుడికి తిరిగాను.
సిమెంటు గోడ. గోడ మీద గడ్డి. పైన కొండ.
సముద్రం నా వీపు వెనక ఉంది.

ఫుసాయే నవ్వి నవ్వి బెంచీ మీద కూలబడింది.
తలలు కడిగే తొట్టి దగ్గర నిలబడి
ఆవిడ ఇన్నేళ్ళూ టీవీని నేరుగా చూసింది.
ఒకే గది, ఒకే బొమ్మ,
ఆవిడ సముద్రం ఒకవైపు, నాది ఇంకోవైపు.
ఒక్కనాడూ మాటల్లోకి రాలేదు.

స్టేషన్ బయట ఉడాన్ తిన్నాం.
దానికి కుడీ ఎడమా లేవు.
పులుసు మాత్రం కొంచెం పలచన.

నిన్న కువబారా గారి మనవరాలు చినాత్సుకి
వెనక జుట్టు చూసుకోమని చేతి అద్దం ఇచ్చాను.
అది కుర్చీని గిర్రున తిప్పి,
చేతి అద్దంలో పెద్ద అద్దాన్ని పట్టి,
"తాతా, అక్షరాలు తిన్నగా అయిపోయాయి!" అని కేక.
చెయ్యి దించితే టీవీ ఎదురుగానే ఉందని
ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.
నేనూ వంగి చూశాను.
వాతావరణం చెబుతున్నారు.
దేశపటం ఉండాల్సినట్టే ఉంది,
మా సముద్రం పడమట, మా మబ్బులు దాని మీద.
అంతా సరిగ్గానే ఉంది,
ఉప్పు వెయ్యడం మరిచిన పులుసులా.

అద్దం తుడిచి సొరుగులో పెట్టేశాను.
రెండు కావస్తోంది.
తర్వాతి వాళ్ళు రండి.